వడపోతను చూసి వంగి దండాలా?

హైదరాబాద్ ఐఐటీ, బాసర ట్రిపుల్ ఐటీ రెండూ సర్కారు సొమ్ముతో నడిచేవే. రెండూ ఉమ్మడి రాష్ట్రంలో 2008లో పుట్టినవే. ఐఐటీ సీటు కావాలంటే జేఈఈ మెయిన్ రాసే పది లక్షల మందికి పైగా పిల్లల్లో మొదటి రెండున్నర లక్షల్లో నిలవాలి, ఆపై అడ్వాన్స్‌డ్ గట్టెక్కాలి. 2024లో 23 ఐఐటీల్లోనూ కలిపి ఉన్నవి 17,740 సీట్లే. బాసరకు పదో తరగతి మార్కుల మెమో చాలు. సర్కారు బడిలో చదివిన పిల్లలకు 4 శాతం వెసులుబాటు కూడా ఉంది. ఇది చూసి మొదటిది గొప్పదనీ రెండోది పేదల సత్రమనీ తేల్చేయడం మనకు అలవాటైపోయింది. ఎంతమందిని గేటు బయట నిలబెట్టారన్నది లోపల ఏం నేర్పారో చెప్పదు.

ఖర్చు సంగతీ అంతే. ఐఐటీల ట్యూషన్ ఫీజు 2016లో ఏడాదికి 90 వేల నుంచి 2 లక్షలకు పెరిగింది. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకూ, లక్షలోపు ఆదాయమున్న కుటుంబాలకూ అది పూర్తిగా మాఫీ. 5 లక్షల లోపువారికి మూడింట రెండొంతులు తగ్గుతుంది. మంచిదే, కాదనలేం. కానీ ఆ మాఫీ సీటు వచ్చాకే. ఆరో తరగతి పిల్లాడికే ‘ఐఐటీ ఫౌండేషన్’ అని బోర్డు కట్టి వసూలు చేసే ఫీజును, ఇంటర్ రెండేళ్ల హాస్టల్ బిల్లును ఎవరు మాఫీ చేస్తారు? ప్రశ్నపత్రం అందరికీ ఒకటే అన్న వాదన నిజమే. దానికి సిద్ధమయ్యే స్తోమత మాత్రం ఒకటి కాదు. బాసర ప్రవేశ విధానం ఆ కోచింగ్ ఖర్చునే తప్పించింది.

పదో తరగతి మార్కులను నమ్మలేమని, వాటిలో ఉదారత ఎక్కువని అంటారు. అందులో కొంత వాస్తవముంది. అందుకే బాసరలో ఆరేళ్ల కోర్సు పెట్టి, మొదటి రెండేళ్లు ఇంటర్ స్థాయి పునాదికి కేటాయించారు. ఆ పునాది వేయాల్సింది అధ్యాపకులు. అక్కడే ప్రభుత్వాలు చేతులెత్తేశాయి. ఏళ్ల తరబడి కాంట్రాక్టు, గెస్టు అధ్యాపకులతోనే నెట్టుకొచ్చాయి. 2022 జూన్‌లో విద్యార్థులు ఎండకూ వానకూ గేటు దగ్గర కూర్చుని అడిగింది భోగాలు కాదు, రెగ్యులర్ వీసీని, సరిపడా అధ్యాపకులను. పిల్లలకు అక్షరాభ్యాసం చేయించడానికి జనం వెతుక్కుంటూ వచ్చే ఊళ్లో అడగాల్సి వచ్చిన కోరికలవి! ప్రవేశ పరీక్ష పెట్టి బాసర ప్రతిష్ఠ పెంచుదామనే సలహాలను ప్రభుత్వం పక్కన పడేయాలి. రెగ్యులర్ అధ్యాపక పోస్టులన్నీ భర్తీ చేయాలి.