గండికి సద్దిమూట

ప్రొద్దుటూరుకు బయటి ఊళ్లవాళ్లు వచ్చేది రెండింటి కోసం. ఒకటి బంగారం, రెండోది తిండి. పెళ్లినగలు కొనడానికి పొద్దున్నే బస్సు దిగిన కుటుంబం నేరుగా అంగడికి పోదు. ముందు కారం దోసె, ఆ తర్వాతే కాసులపేరు!

ఊళ్లో గుళ్లకీ కొదవ లేదు. పెన్న ఒడ్డున ముక్తిరామేశ్వరం ఉంది. రావణవధ తర్వాత రాముడే ఇక్కడ ఇసుకతో లింగం చేసి పూజించాడంటుంది స్థలపురాణం. దసరా వస్తే అమ్మవారిశాలలో కన్యకాపరమేశ్వరికి రోజుకో అలంకారం. మైసూరు తర్వాత దసరా అంటే మాదేనంటారు ప్రొద్దుటూరోళ్లు. వాళ్లు ఆ మాట అంటే ఒప్పుకోవడమే మేలు, ఎందుకంటే తర్వాత భోజనం పెట్టేదీ వాళ్లే.

ఇక దోసె సంగతి. ఎండుమిరపకాయలు నానబెట్టి, ఎర్రగడ్డలు, తెల్లగడ్డలు, ఉప్పు వేసి మెత్తగా నూరితే అది ఎర్రకారం. పెనం మీద దోసె సగం కాలగానే దాన్ని గరిటెతో ఈ అంచు నుంచి ఆ అంచుదాకా పూస్తారు. పైన పప్పులపొడి చల్లుతారు, నెయ్యి పోస్తారు. పొడి కారాన్ని పీల్చుకుంటుంది, నెయ్యి ఆ రెంటినీ కలుపుతుంది. మొదటి ముక్కకు కళ్లలో నీళ్లొస్తాయి. రెండో ముక్కకు ఇంకో దోసె చెప్పాలనిపిస్తుంది. కోస్తా జిల్లాల నుంచి వచ్చిన అల్లుళ్లు పక్కన పెట్టిన బొంబాయి చట్నీతో సర్దుకుంటారు.

ఇంత తిండి ఉన్న ఊరివాళ్లు శ్రావణమాసం శనివారాల్లో మాత్రం హోటళ్లు దాటుకుని, ఇంటి నుంచే సద్ది కట్టుకుని బయల్దేరతారు. గండికి.

ప్రొద్దుటూరు నుంచి ఎర్రగుంట్ల, అక్కడి నుంచి వేంపల్లె, ఆపైన కాసింత దూరంలో గండి. ఎర్రగుంట్ల దగ్గర రోడ్డు పక్కన నాపరాళ్లు, సిమెంటు లారీలు, దుమ్ము. కిటికీ అద్దం ఎక్కించుకుని కూర్చోవడం తప్ప ఆ దారిలో చూసేది తక్కువే. వేంపల్లె దాటాక కొండలు దగ్గరకొస్తాయి. కర్ణాటకలో నందికొండల వైపు పుట్టిన పాపాగ్ని, శేషాచలం కొండల్ని ఇక్కడే కోసుకుని ఇవతలికి వస్తుంది. కొండకు పడిన గండే ఊరికి పేరైంది. తర్వాత ఆ ఏరు కమలాపురం దగ్గర పెన్నలో కలుస్తుంది. ఏడాదిలో చాలా నెలలు ఇసుకే. కానీ దాన్ని తక్కువ అంచనా వేయకూడదు. 2021 నవంబరులో వచ్చిన వరదకు కమలాపురం దగ్గర పెద్ద వంతెనే కూలిపోయింది.

గండిలో కొలువైనవాడు వీరాంజనేయుడు. సీతను వెతుకుతూ వెళ్తున్న రాముణ్ని, ఇక్కడ తపస్సు చేసుకుంటున్న వాయుదేవుడు ఆతిథ్యానికి పిలిచాడట. తిరిగొచ్చేటప్పుడు వస్తానన్నాడు రాముడు. లంక గెలిచి వస్తున్నాడని తెలిసి వాయువు ఈ కొండ నుంచి ఆ కొండకు బంగారు తోరణం కట్టాడు. రాముడు వచ్చి, బాణం మొనతో బండ మీద ఆంజనేయుడి రూపం గీశాడు. ఎడమచేతి చిటికెనవేలు ఒక్కటి మిగిలి ఉండగానే పొద్దుపోయిందని లక్ష్మణుడు తొందరపెట్టాడు. చాలాకాలం తర్వాత వ్యాసరాయలు ఆ గీతను శిల్పంగా చెక్కించి, మిగిలిన వేలు కూడా పూర్తి చేయించబోతే అక్కడ నెత్తురు చిమ్మిందట. ఊరూరా 732 ఆంజనేయ విగ్రహాలు నిలిపాడని చెప్పుకునే ఆయన కూడా ఆ వేలి జోలికి మళ్లీ పోలేదు. పిల్లలు క్యూలో నిలబడి ముందు వెతికేది ఆ వేలినే.

ఆ తోరణం ఇప్పటికీ కొండల మధ్య ఉందనీ, పుణ్యాత్ములకే కనపడుతుందనీ నమ్మకం. కాకపోతే చిన్న మెలిక ఉంది. కనపడినవాళ్లు ఆ తర్వాత ఎంతోకాలం బతకరు. థామస్ మన్రోకు కనపడిందంటారు. 1800లో దత్తమండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చి, రైతువారీ పద్ధతి తెచ్చి, 1820లో మద్రాసు గవర్నరైన దొర ఆయన. ఈ సీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారంటే ఎంత అభిమానమో చూడండి. కొండల మధ్య మెరిసే తోరణమేమిటని ఆయన అడిగితే, వెంట ఉన్నవాళ్లకు ఏమీ కనపడలేదట. పదవి దిగే ముందు వీడ్కోలు పర్యటనకు వచ్చి, 1827 జులై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. ఈ కథ జిల్లా గెజిటీరుదాకా ఎక్కింది. ఆ రోజుల్లో కలరాకు తోరణంతో పనిలేదు, చూడనివాళ్లనూ అలాగే తీసుకుపోయేది. అయినా కథ కథే. గండికి వచ్చినవాళ్లు రెండు కొండల మధ్యకు ఓసారి చూసి, చప్పున చూపు తిప్పుకుంటారు.

ఇక సద్ది. అన్నం వార్చి, పూర్తిగా చల్లారాకే నిమ్మరసం కలిపితే చిత్రాన్నం మధ్యాహ్నందాకా చెడదు. పెరుగన్నంలో పాలు ఎక్కువ పోసి పెరుగు చెంచాడే వేయాలి, మూత తీసే వేళకు సరిగ్గా తోడుకుంటుంది. వేయించిన చెనక్కాయలతో ఊరుబిండి. స్వామికి మినపవడల మాల. శనివారం ఒక్కపొద్దు కాబట్టి ఎర్రగడ్డ, తెల్లగడ్డ ముట్టరు. సంగటి, నాటుకోడి పులుసు ఆలోచన ఆదివారానికి వాయిదా.

చెప్పడానికి ఇది నాలుగు వాక్యాలు. చేసే మనిషి తెల్లవారుజామున మూడింటికి లేవాలి. ప్రొద్దుటూరులో ఓ ఇంట్లో ఇదే పేచీ వచ్చింది. 'ఈసారి నా వల్ల కాదత్తా, దోవలో ఏదన్నా హోటల్లో తిందాం' అంది కోడలు. 'ఏటిగడ్డన కూచ్చోని మనింటి అన్నం తినకపోతే గండికి పోయినట్టేనామ్మా?' అంది అత్త. డెబ్బై దాటిన మనిషి, ఏటా తప్పకుండా వెళ్తున్న మనిషి. ఆవిడ మాటా నిజమే. హోటల్ దోసె పెనం పక్కన రాజు, పొట్లంలో గంట ప్రయాణం చేస్తే తోలు. కోడలి మాట అంతకన్నా నిజం. ఏడాది పొడుగునా పొయ్యి ముందు నిలబడే మనిషికి, విహారం రోజున కూడా అందరికన్నా ముందు లేచి పొయ్యి వెలిగించమంటే దాన్ని విహారమని ఎలా అంటారు?

మధ్యలో ఇరుక్కున్న కొడుకు శుక్రవారం రాత్రే నిమ్మకాయల సంచి ముందేసుకున్నాడు. పిల్లలిద్దరూ వేయించిన చెనక్కాయల పొట్టు తీశారు, తీసినన్ని తిన్నారు కూడా. ఊరుబిండి జేజి రోట్లోనే దంచింది, మిక్సీ వద్దంది. తెల్లవారి అన్నం వార్చింది కొడుకే. కొంచెం మెత్తబడింది. కోడలు ఆరింటికి లేచి, స్నానం చేసి వచ్చి, గిన్నెలోంచి ఓ ముద్ద నోట్లో వేసుకుని 'ఉప్పు తక్కువైంది' అని మాత్రం చెప్పింది. ఆ ఇంట్లో అలాంటి తీర్పు ఆవిడ ఇవ్వడం అదే మొదటిసారట!

దర్శనం అయ్యేసరికి పన్నెండు దాటింది. చెట్టు నీడలో విస్తళ్లు పరిచారు. కోతులకు భయపడి పెద్దమనవడు కర్ర పట్టుకుని కాపలా కూర్చున్నాడు. చిన్నవాడికి కొండల మధ్య నుంచి చూపు మరలడం లేదు.

'అట్ల తేరిపార చూడగాకురా' అంది జేజి.

'నీకు కనపడిందా జేజీ, తోరణం?'

కోడలి చేతిలో గరిటె ఆగింది. కొడుకు పిల్లవాణ్ని కసరబోయాడు. జేజి మాత్రం చిత్రాన్నం కలుపుకుంటూ తీరిగ్గా అంది, 'కనపడినా నీకు చెప్తానా? చెప్తే మీ నాయన వచ్చే ఏడు నన్ను గండికి పిల్చకరాడు.'

అందరూ నవ్వారు, కొడుకు కాస్త ఆలస్యంగా. మెత్తబడిన అన్నమే జేజికి నమలడానికి వీలుగా ఉందట, మారు పెట్టించుకుంది.

శ్రావణ శనివారాల్లో వెళ్లాలనుకునేవారు ఉదయం ఎనిమిదిలోపు గండి చేరితే దర్శనం తేలిక. ఏట్లో నీళ్లుంటే పిల్లల్ని ఒంటరిగా దింపొద్దు, ఎగువన వాన పడితే ప్రవాహం చెప్పకుండా పెరుగుతుంది. విస్తరాకులు తీసుకెళ్లండి. ప్లాస్టిక్ ప్లేట్లు తెచ్చి ఏటిగడ్డన వదిలేసి వచ్చేవాళ్ల పాపాన్ని ఏ పాపాగ్నీ కడగదు. సాయంత్రానికి పులివెందుల వైపు వెళ్లేవాళ్లు అటు, ప్రొద్దుటూరు వాళ్లు ఇటు చీలిపోతారు.

ఆ కుటుంబం ఊరు చేరేసరికి రాత్రి ఎనిమిది. పిల్లలు పట్టుబడితే కారం దోసె దగ్గర ఆగారు. కోడలు రెండు తింది. ఒక్కపొద్దు కాబట్టి జేజి మంచినీళ్లు తాగి ఊరుకుంది. ఇంకా ఎన్ని శనివారాలు మిగిలాయో వేళ్ల మీద లెక్కపెట్టి, పైవారం అన్నం ఎవరు వార్చాలో అప్పుడే పెద్దమనవడికి చెబుతోంది.