టెలివిజను పళ్ళెమును గూర్చి ఒక మనవి

రెండు మాసముల క్రిందట మా వీధి కేబులు యజమాని మా యింటికి వచ్చుచుండిన తెలుగు చానెళ్ళలో నాలుగింటిని ముందుగా ఒక మాటయైనను చెప్పక తొలగించెను. ఏమని అడుగగా, "ఈ వీధిలో తెలుగు చూచువారు మీతో కలిసి ఆరిండ్లవారే గదా" అని తమిళమున నవ్వుచు బదులు చెప్పెను. అతని లెక్క తప్పు కాదు. వ్యాపారము చేయువాడు ఆరిండ్లను చూచునా, అరువది యిండ్లను చూచునా? ఐనను మా తల్లిగారికి ఎనుబది యారేండ్లు. ఆమె చెన్నపట్నముననే పుట్టి, చెన్నపట్నముననే మెట్టి, అంగడిలో చక్కని తమిళము మాట్లాడగలరు. కాని సాయంకాలము దీపము పెట్టిన పిదప ఒక గంటసేపు తెలుగు మాట చెవిని బడనిదే ఆమెకు ప్రొద్దు పోదు. నాలుగు దినములు ఆమె ఆ పెట్టె యెదుట కూర్చుండి, ఐదవ దినమున కుర్చీ మళ్ళించి గోడవైపు వేసికొనిరి. ఈ వ్యాసమునకు కారణ మదియే.

ఇట్టి అనుభవము మన వారిలో ఎందరికో కలిగియుండును. షోలాపురపు పద్మశాలీలకైనను, బ్రహ్మపురము, పర్లాకిమిడి వాసులకైనను, హోసూరు, బళ్ళారి, కోలారు తెలుగు కుటుంబములకైనను తమ యింట తెలుగు వినిపించుట వీధి చివరనున్న ఒక మనుష్యుని లెక్కపై ఆధారపడియుండుట నాకు న్యాయముగా తోచదు. 2019 నుండి ఏ చానెలు కావలెనో ఆ చానెలును విడిగా కోరుకొను హక్కు చందాదారునకు కలదు. ఆ హక్కును అడిగి పుచ్చుకొనువారు ఎందరు? అడిగినను, అతని యొద్ద ఆ చానెలే లేకున్న ఆ హక్కుతో ఏమి చేయుదుము? కావున ఎవరి డాబామీద వారు ఒక పళ్ళెమును నిలుపుకొనవలెనని నా అభిప్రాయము.

మా పెద్దబ్బాయి మాత్రము మొదట వేరొక మార్గము త్రొక్కెను. "హెచ్‌.డి. యాంటెన్నా" అను పేరుతో అమ్ముచున్న ఒక పలుచని అట్టవంటి వస్తువును తెప్పించి కిటికీ అద్దమునకు అంటించెను. పెట్టెమీద రంగురంగుల బొమ్మలు, వంద చానెళ్ళు ఉచితమను వ్రాత. మూడు దినములు దానిని ఈ గోడనుండి ఆ గోడకు మార్చినను ఒక్క బొమ్మయు రాలేదు. వస్తువు చెడ్డది కాదు. దానికి పని యున్నచోటు వేరు. అమెరికాలో పెద్ద ప్రసార కేంద్రములన్నియు 2009 జూన్ 12 నాటికి డిజిటలు పద్ధతికి మారినవి. అక్కడ నేలమీది గోపురములనుండియే హెచ్‌.డి. బొమ్మ ఉచితముగా వెలువడును గనుక, నగరములో నున్నవానికి ఇట్టి అట్టముక్క చాలును. మన దేశమున దూరదర్శన్ తన పాత నేలమీది ప్రసారములను 2022 నాటికి చాలవరకు నిలిపివేసినది. 2016లో 16 నగరములలో నేలమీది డిజిటలు ప్రసారము మొదలుపెట్టినను అది ఇండ్లలో నాటుకొనలేదు. బావిలో నీరు లేనప్పుడు చేద యెంత మంచిదైన నేమి?

అసలు "హెచ్‌.డి. యాంటెన్నా" అను మాటయే అర్థము లేనిది. యాంటెన్నా యనునది లోహము. అలను పట్టి తీగలోనికి పంపుట దాని పని. ఆ అలలో సన్నని బొమ్మ యున్నదో, ముతక బొమ్మ యున్నదో దానికి తెలియదు. బొమ్మ సన్నదనము పంపువాని యొద్దను, మన యింటి పెట్టెలోను, చివర తెరలోను ఉండును. వెనుకటి మాదిరి బొమ్మలో అడ్డముగా 720, నిలువుగా 576 చుక్కలుండగా, పూర్తి హెచ్‌.డి. బొమ్మలో 1920, 1080 చుక్కలుండును. అనగా ఐదింతలు. అందుచేత ఆ రెండక్షరములు పెట్టెమీద చూచి ఎక్కువ డబ్బు ఇయ్యవలదు.

ఇక వెనుకటి రోజుల చేప ముల్లువంటి యాంటెన్నాలను మరువనివారు మనలో పెక్కురున్నారు. అది జపానులో యాగి, ఉడా యను ఇరువురు పండితులు 1926లో కనిపెట్టినది. చెన్నపట్నమునకు టెలివిజను 1975లోను, హైదరాబాదునకు 1977లోను వచ్చినవి. కాని మనము ఎంత పొడవు వెదురు కట్టి దానిని ఉత్తరమునకు త్రిప్పినను హైదరాబాదు బొమ్మ రాలేదు. నేలమీది గోపురపు అల దిగంతము దాటి ఎంతో దూరము పోజాలదు. నూరు మీటర్ల గోపురమునకు ఆ దిగంతము నలువది కిలోమీటర్ల దూరముననే యుండును. ఆనాడు తెలుగు బొమ్మ మనకు అందకపోవుట ఎవరి తప్పును కాదు. భూమి గుండ్రముగా నుండుటయే కారణము.

ఈనాడు ఆ అడ్డు లేదు. 2015 నవంబరులో ప్రయోగింపబడిన జీశాట్-15 అను ఉపగ్రహము భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల యెత్తున, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశమున నిలిచియున్నది. దూరదర్శన్ వారు 2004 డిసెంబరులో మొదలుపెట్టిన ఉచిత పళ్ళెపు సేవ, నేడు డీడీ ఫ్రీ డిష్ అని పిలువబడునది, దానినుండియే వచ్చును. నెలసరి చందా లేదు. హైదరాబాదు వారి యాదగిరి, విజయవాడ వారి సప్తగిరి రెండును అందులో గలవు. ఆ కిరణమునకు రాష్ట్రపు సరిహద్దులు తెలియవు. గుంటూరు డాబామీద పడినట్లే షోలాపురము డాబామీదను పడును. భాషాప్రయుక్త రాష్ట్రములు ఏర్పడిన పిమ్మట సరిహద్దుకు ఈవల నిలిచిపోయిన మనకు దీని విలువ ఒకరు చెప్పనక్కరలేదు.

దోషములును చెప్పవలెను. ఉచితముగా వచ్చువానిలో హెచ్‌.డి. చానెళ్ళు స్వల్పము. పేరుపొందిన ప్రైవేటు తెలుగు చానెళ్ళు కావలెనన్న చందా తీసికొను పళ్ళెపు కంపెనీలనే ఆశ్రయింపవలెను. ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క ఉపగ్రహమును వాడుచుండుటచే, ఒకదానికి గురిచేసిన పళ్ళెము మరొకదానికి సామాన్యముగా పనికిరాదు. ముందు ఉచిత పళ్ళెమును నిలిపి, అది చాలకున్నప్పుడే చందాకు పోవుట మేలని నేననుకొందును. మా యింట ఇప్పుడు రెండును ఉన్నవి. మా తల్లిగారు చూచునది ఎక్కువగా ఉచితపుదే.

నిలుపు విధము కొంచెము వివరముగా చెప్పెదను. పనివాడు పావుగంటలో బిగించి పోయిన పళ్ళెములే తొలివానకు మొరాయించుచున్నవి. పళ్ళెము చూడవలసిన దిక్కు మన యిండ్లలో వంటగది యుండు మూల, అనగా ఆగ్నేయము. చెన్నపట్నమునకును షోలాపురమునకును ఇంచుమించు సరిగా ఆగ్నేయమే. బెంగుళూరున కొంచెము తూర్పునకు, యానాములో కొంచెము దక్షిణమునకు, బ్రహ్మపురమున ఇంకను దక్షిణమునకు జరుపవలెను. ఎత్తు చెన్నపట్నమున 68 డిగ్రీలు, బెంగుళూరు, యానాములలో 66, బ్రహ్మపురమున 65, షోలాపురమున 61, బొంబాయిలో 57. ఇక్కడ ఒక చిక్కు కలదు. మనకు దొరకు పళ్ళెములు తాము చూచుచున్నట్లు కనిపించు చోటుకన్న 20 మొదలు 25 డిగ్రీలు పైకి చూచును. పళ్ళెము ఎదురింటి గోడవైపు చూచుచున్నదే యని భయపడి పైకెత్తిన, గురి తప్పును.

ఎదుట చెట్టుగాని, నీళ్ళతొట్టిగాని అడ్డమున్నదా యని తెలిసికొనుటకు సూర్యుడే సహాయము చేయును. మార్చి నడుమను, మరల సెప్టెంబరు చివరను, ఉదయము పదకొండు దాటిన వేళ సూర్యుడు సరిగా ఆ ఉపగ్రహము వెనుకకు వచ్చును. అప్పుడు కొన్ని నిమిషములు బొమ్మ చెదరుటయు కలదు. పెట్టె చెడిపోయెనని ఎవరును కంగారు పడవలదు. ఆ దినములలో ఆ వేళ డాబామీద ఏ చోట ఎండ పడుచున్నదో ఆ చోటు పళ్ళెమునకు తగినది. నీడ పడిన చోట నిలిపిన, ప్రపంచములోని ఏ పళ్ళెమును పనిచేయదు. మా మొదటి పనివాడు వేపచెట్టు నీడలోనే నిలిపెను. ఆకు రాలిన కాలమున బాగుగా వచ్చి, చిగురు వేయగానే బొమ్మ పోయెను. కారణము తెలియుటకు మాకు ఒక యేడు పట్టినది.

స్తంభమును తూకపు గుండుతో సరిచూడవలెను. అది ఒరిగియున్న పైన పెట్టిన కొలతలన్నియు అబద్ధములే. పిట్టగోడ ఇటుకకు కాక కాంక్రీటుకు బిగింపవలెను. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను గోపాలపురము దగ్గర తీరము దాటినప్పుడు బ్రహ్మపురము వారును, 2016 డిసెంబరులో వర్దా వచ్చినప్పుడు మేమును గాలి యనగా ఏమో చూచితిమి. చేతి ముందు బిగించు ఎల్‌.ఎన్‌.బి. అను ముక్కును నిటారుగా నుంచక పక్కకు త్రిప్పవలెను. చెన్నపట్నమున ఇంచుమించు 45 డిగ్రీలు, బ్రహ్మపురమున అందులో సగము. దీనిని చాలమంది పనివారు పట్టించుకొనరు. పెట్టె తెరమీద బలము, నాణ్యత అని రెండు గీతలు చూపును. బలము గీతను చూచి మోసపోవలదు. పళ్ళెము తప్పు దిక్కునకు త్రిప్పియున్నను అది నిండుగానే కనిపింపగలదు. నాణ్యత గీత ఎదుగువరకు వ్రేలెడు వ్రేలెడుగా జరిపి, ప్రతిసారి కొన్ని క్షణములు ఆగి చూడవలెను. తీగ అతుకులకు నీరు చొరకుండ కప్పి, తీగను ఇంటిలోనికి దింపుచోట కొంచెము క్రిందికి వ్రేలాడనిచ్చి పిదప పైకి తెచ్చిన, వాననీరు అక్కడనే జారిపోవును.

కుండపోత వానలో బొమ్మ నిలిచిపోవుట ఈ అలల స్వభావము. ఈశాన్య ఋతుపవన కాలమున మాకది అలవాటే. మామూలు 60 సెంటీమీటర్ల పళ్ళెమునకు బదులు 75 గాని 90 గాని పెట్టిన ఆ బాధ తగ్గును. పెద్ద తెరకు వేలు పోయుటకన్న పళ్ళెమునకు కొన్ని వందలు ఎక్కువ పెట్టుట తెలివి. పెట్టె ఎంపెగ్-4 రకపుది కాకున్న ఆ కొద్ది హెచ్‌.డి. చానెళ్ళును కానరావు. పెట్టెనుండి తెరకు ఎరుపు, పసుపు, తెలుపు మూడు తీగలు వేసికొని హెచ్‌.డి. చూచుచున్నామని సంతోషించు మిత్రులను నేను ముగ్గురిని ఎరుగుదును. ఆ తీగలలో హెచ్‌.డి. ప్రవహింపదు; హెచ్‌.డి.ఎం.ఐ. తీగ ఒక్కటే వేయవలెను.

ఇంతయేల, చేతిలో ఫోను ఉండగా పళ్ళెమెందుకని మన యువకులు అడుగుచున్నారు. ఫోనులో తెలుగు కొల్లలుగా ఉన్నమాట నిజము. కాని ఫోను ఒక్కనికి ఒక్కటి, తెర యింటికొక్కటి. ముత్తవ్వ ప్రక్కన కూర్చున్న పిల్ల "జేజీ, ఆమె ఏమన్నది?" అని అడుగుటయు, జేజి దానికి అర్థము చెప్పుటయు ఫోనులో జరుగుట నేను చూడలేదు. మరికొందరు పెద్దలు ఆ తెరమీది తెలుగు మన తెలుగు కాదు, అది విని మన యింటి పలుకుబడి చెడునని ఆక్షేపింతురు. ఇందులో కొంత సత్యము కలదు. మా యింట "ఆడికి పొయ్యొస్తా" యను మాటను మా మనుమరాలు తప్పని దిద్దబోయినది. ఐనను దిద్దుటకైన ఆ పిల్లకు తెలుగు తెలిసెను గదా యని నేను ఊరకుంటిని.

మన సంఘమునకు ఒక్క మనవి. దిక్సూచి, రసమట్టము, నాణ్యత చూపు చిన్న యంత్రము సంఘ కార్యాలయమున ఉంచి, ఇద్దరు ముగ్గురు యువకులకు పని నేర్పిన బాగుండును. ఒంటరిగా నున్న వృద్ధుల యిండ్లకు ముందుగా పోవలెను. వస్తువుల వెల ఇంటివారు పెట్టుకొందురు. కూలి మాత్రము సంఘము పుచ్చుకొనరాదు. మా పెద్దబ్బాయి మొదటి వంతు తనదేనని చెప్పినాడు. ఆ కిటికీ అట్టముక్క ఇంకను మా బల్లమీదనే యున్నది. మా తల్లిగారు దానిపై మందుసీసాలు పెట్టుకొనుచున్నారు.