దగ్గుమందుకు లొంగని దగ్గు

వృత్తుల వల్ల కలిగే వ్యాధులపై 1700లో గ్రంథం వెలువరించిన ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జిని, రోగి ఏ పని చేస్తాడో తప్పక అడగాలని తోటి వైద్యులకు సూచించాడు. మూడు శతాబ్దాలు దాటినా మన ఓపీ చీటీలో ఆ ప్రశ్నకు చోటు లేదు. ఉన్నచోట 'కూలి' అని రాసి ఊరుకుంటాం. ఏ కూలి? టైల్స్ కోసేవాడా, సెంట్రింగ్ కొట్టేవాడా, కలప కోత మిల్లులో రంపం దగ్గర నిలిచేవాడా? ఊపిరితిత్తులకు ఈ తేడా చాలా పెద్దది.

గ్రానైటులోను, ఇసుకలోను, కాంక్రీటులోను సిలికా ఉంటుంది. యంత్రంతో పొడిగా కోసినప్పుడు లేచే తెల్లని మేఘాన్ని మీరూ చూసి ఉంటారు. నిజానికి మీకు కనబడేది అంత ప్రమాదకరం కాదు. కంటికి ఆనని సూక్ష్మరేణువులే శ్వాసకోశపు అడుగుదాకా చేరి, అక్కడి మెత్తని కణజాలాన్ని మచ్చలుగా గట్టిపరుస్తాయి. ముక్కుకు చుట్టుకున్న తువ్వాలు వాటిని ఆపలేదు. ఇదే సిలికోసిస్. దీన్ని నయం చేసే మందు లేదు. పని మానేసిన తరువాత కూడా ఇది ముదరవచ్చు. క్షయను సులువుగా పిలుచుకు వస్తుంది. ఎక్స్‌రేలో క్షయలాగే కనిపించి వైద్యుణ్ణి దారి తప్పించడమూ ఉంది.

కలప పొట్టు అంతకంటె సాధువని చాలామంది నమ్మకం. 1960లలో ఇంగ్లండులోని హై వికోంబ్ ప్రాంతపు కుర్చీల, బల్లల కర్మాగారాల్లో పనిచేసినవారికి ముక్కు లోపలి గదుల్లో అరుదైన క్యాన్సర్ అసాధారణంగా ఎక్కువగా వస్తున్నదని వైద్యులు గుర్తించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో కలప ధూళిని, 1997లో సిలికా ధూళిని మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాలుగా నిర్ధారించింది.

నివారణ తెలియక కాదు. కోసేచోట నీటిధార, ధూళిని లాగివేసే యంత్రం, రంపానికి తొడుగు, ఇంతే. కాని అడ్డా మీద నిలబడి పనికోసం ఎదురుచూసే మనిషి, నీళ్లగొట్టం పెడితేనే కోస్తానని ఒక్కడే అన్నాడనుకోండి, మేస్త్రీ పక్కవాణ్ణి పిలుస్తాడు. పదిమంది కలిసి అంటే గొట్టం వస్తుంది. అందుకే కార్మిక సంఘాన్ని నేను రాజకీయ విషయంగా గాక ప్రజారోగ్య సాధనంగా చూస్తాను.

మన దేశ చరిత్రలోనే దీనికి నిదర్శనం ఉంది. నిర్మాణ కార్మికులకు ప్రత్యేక చట్టం కావాలని 1980లలో సంఘాలు జాతీయ ప్రచార సమితిగా ఏర్పడి పోరాడాయి. మాజీ న్యాయమూర్తి వి.ఆర్. కృష్ణయ్యర్ వారికి అండగా నిలిచారు. ఫలితంగా 1996లో చట్టం వచ్చింది. నిర్మాణ వ్యయంలో ఒక శాతం సుంకం వసూలుచేసి సంక్షేమ బోర్డుకు జమచేయాలన్నారు. అయితే సొమ్ము పోగయింది కాని కూలికి చేరలేదు. అదే సమితి మళ్లీ సుప్రీంకోర్టు మెట్లెక్కింది. 2018 మార్చి తీర్పులో బయటపడిన లెక్క ఇది: వసూలైంది సుమారు 37,400 కోట్ల రూపాయలు, ఖర్చుపెట్టింది దాదాపు 9,500 కోట్లు. మిగిలిన సొమ్ముతో ఎన్ని ఎక్స్‌రేలు తీయించవచ్చునో గుణించి చూడండి! 2020 నాటి కార్మిక కోడ్‌లు ఈ చట్టాన్ని తమలో కలుపుకొన్నాయి. పేరు మారింది, సంఘాల కాపలా అవసరం మారలేదు.

గల్ఫ్ సంగతి మన కరీంనగర్, నిజామాబాద్ కుటుంబాలకు చెప్పనవసరం లేదు. ఖతార్‌లో వలస కార్మికులు సంఘం పెట్టుకొనే వీలే లేదు. అయినా నిర్మాణ, కలప కార్మికుల అంతర్జాతీయ సమాఖ్య 2016లో ప్రపంచ కప్ నిర్వాహకులతో ఒప్పందం కుదుర్చుకుని స్టేడియం పనుల్లో ఉమ్మడి తనిఖీలు చేసింది. 2021లో అక్కడి ప్రభుత్వం వేసవిలో ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3.30 దాకా ఆరుబయట పనిని నిషేధించింది. ఎండలో కుప్పకూలిన ముప్ఫై ఏళ్ల యువకుడి మరణపత్రంలో 'గుండె ఆగింది' అని మాత్రమే రాయడం వైద్యం కాదు. ఎవరు చనిపోయినా గుండె ఆగుతుంది. ఎందుకు ఆగిందన్నదే ప్రశ్న.

సంఘాలపై నాకు ఫిర్యాదు లేకపోలేదు. కొన్నిచోట్ల కార్డు ఇప్పించడం, పునరుద్ధరణకు డబ్బు తీసుకోవడమే వాటి పనిగా మిగిలింది. మరికొన్ని పరిహారం దగ్గర ఆగిపోతాయి. 1923 నాటి పరిహార చట్టపు పట్టికలో బొటనవేలు పోతే సంపాదన శక్తిలో నష్టం 30 శాతం, చూపుడువేలు పోతే 14 శాతం. వడ్రంగి చేతికి ఆ లెక్క ఎంత సరిపోతుందో అతణ్ణే అడగాలి. పరిహారంతో పాటు రంపానికి తొడుగును కూడా అంతే పట్టుదలగా కోరే సంఘం కావాలి.

మీరు ఇల్లు కట్టిస్తుంటే టైల్స్ తడిపి కోయమని పట్టుబట్టండి; బురదవుతుందని మేస్త్రీ విసుక్కుంటాడు, కానివ్వండి. మీ ఇంట్లోనే రాయో కలపో కోసేవారుంటే, ఆస్పత్రికి వెళ్లినప్పుడు వారి పనిని, ఎన్నేళ్లుగా చేస్తున్నారో డాక్టరుచేత చీటీమీద రాయించండి. ఆ చీటీలను, పాత ఎక్స్‌రేలను పారేయకండి. పరిహారం కోరుతూ సంఘం వెళ్లినప్పుడు అధికారి మొదట అడిగేది అవే.