జడ యెవరిచే వేయించుకొనవలెను?

పాఠశాల వార్షికోత్సవము సమీపించినదనగానే మన బాలికలలో ఒక ప్రశ్న బయలుదేరును: “పూలజడ ఏ పార్లరులో వేయించుకొందము?” తెలుగు చెప్పువారు విచారింపదగిన విషయమా యిది యని కొందరు నవ్వవచ్చును. నా తప్పిదమే నాచేత దీనిని వ్రాయించుచున్నది.

ఒక యుత్సవమునాడు సత్యభామ వేషము వేయు బాలిక పార్లరునుండి నేరుగా నా యొద్దకు వచ్చినది. జడ కన్నులపండువుగా నున్నది. ఆమె కన్నులలో మాత్రము నీరు నిండియున్నది. “తల లాగుచున్నది, టీచరుగారూ” అనెను. “అందమునకై కొంచెము ఓర్చుకొనవలె నమ్మా” అంటిని. నాట్యము ముగిసి జడ విప్పి చూడగా, నొసటి యంచున కుదుళ్ళు ఎఱ్ఱబడి పొక్కియున్నవి. నేను చెప్పిన మాట తప్పని అప్పుడు తెలిసినది.

బిగించి అల్లిన జడ వెండ్రుకలను కుదుళ్ళయొద్ద లాగును. మాటిమాటికి అట్లు చేసినచో నొసటిచెంత, కణతలచెంత జుట్టు పలుచబడును. మొదటనే గుర్తించి మానినచో మరల మొలచును. ఏండ్లతరబడి ఉపేక్షించినచో మొలవకయే పోవచ్చును.

కావున నా యభిప్రాయ మిది: పార్లరును అద్దముల తళుకునుబట్టి కాక, “నొప్పి” యన్న మాట విని చేయి సడలించు గుణమునుబట్టి ఎన్నుకొనుడు. దువ్వెనలు శుభ్రము చేయుదురో లేదో చూడుడు. వెల యెంతయో, ఎంతసేపు పట్టునో ముందే అడుగుడు. వారము ముందుగా మామూలు జడ యొకటి వేయించుకొన్నచో ఆ చేతి తీరు తెలియును.

బాలికలారా! ముందునాడే కుంకుడుకాయతోనో సీకాయతోనో తలంటుకొని, జుట్టు బాగుగ ఆరనిండు. తడిజుట్టు లాగినచో సులభముగా తెగును. చిక్కును కొనలనుండి మొదలిడి పైకి తీయుడు. మీ దువ్వెన మీరే తీసికొనిపొండు. ఆకలితో కూర్చుండకుడు. జడ చెదరకుండ, తలమీదుగా విడువనక్కరలేని దుస్తులు ధరింపుడు. ఉత్సవము ముగిసినపిమ్మట జడ విప్పియే నిద్రింపుడు.

తల్లిదండ్రులకు ఒక మనవి. మన హోసూరు ప్రాంతమున పార్లరులో తమిళమో కన్నడమో మాటలాడుట సహజము. అందు దోషము లేదు. మన జడయే కన్నడమున జడె. మన సవరమే తమిళమున సవురి. అయినను పాపిట, పాయ, జడకుచ్చులు, జడగంటలు అను మాటలు బిడ్డ చెవిని వేయునది ఇంటనున్న అవ్వయే. ఆదివారమునాడైన అవ్వ ముందు కూర్చుండి జడ వేయించుకొను పిల్లకు ఆ మాటలును అబ్బును. “మెల్లగా, అవ్వా, నొప్పిగా నున్నది” అని జంకులేక చెప్పు అలవాటును అబ్బును. ఇంట నేర్చిన ఆ యలవాటే పరుల చేతిలో ఆమెను కాపాడును.

ఇకమీద నేను రంగమెక్కు ప్రతి బాలికను ముందుగా అడుగుదును: “జడ బిగుతుగా నున్నదా తల్లీ?” ఔనన్నచో నా చేతులతోనే సడలింతును. జడ కొంత వదులైనంతమాత్రమున సత్యభామ ఠీవికి లోపము రాదు.