ఎడమ చేతి మచ్చ నేర్పే పాఠం

మీ ఎడమ భుజం ఓసారి చూసుకోండి. చాలామందికి అక్కడ చిన్న మచ్చ ఉంటుంది. అది పసితనంలో క్షయ రాకుండా వేసిన బీసీజీ టీకా గుర్తు. దేశంలో ఈ టీకా మొదట వేసిన చోట్లలో మన మదనపల్లె ఒకటి. అది 1948 నాటి మాట.

మరి ఈ టీకా మేలు క్షయతోనే ఆగిపోతుందా? ఆఫ్రికాలోని గినీ బిస్సావులో పీటర్ ఆబీ బృందం తక్కువ బరువుతో పుట్టిన శిశువులకు వెంటనే బీసీజీ వేసి చూసింది. మూడు ట్రయల్స్ కలిపి లెక్కిస్తే మొదటి నెల మరణాలు మూడో వంతుకు పైగా తగ్గాయి. అంత పసికందులు క్షయతో చనిపోవడం చాలా అరుదు. అంటే టీకా వాళ్లను ఇంకేవో జబ్బుల నుంచి కాపాడిందన్నమాట. రోగనిరోధక కణాలకు ఇది ఒక రకం ట్రైనింగ్ అని శాస్త్రవేత్తల వివరణ.

అయితే పుదుచ్చేరి, చెన్నైల్లో రష్యన్ రకం బీసీజీతో ఇలాంటి ట్రయల్స్ చేస్తే మరణాలు తగ్గలేదు. 2020లో ‘బీసీజీ వేసే దేశాల్లో కరోనా తక్కువ’ అని వాట్సాప్‌లో తెగ తిరిగింది. ఐదు దేశాల్లో దాదాపు 4 వేల మంది ఆరోగ్య సిబ్బందిపై పరీక్షించారు. కరోనా ముప్పు తగ్గలేదని 2023లో తేల్చారు.

ఇది బయాలజీ వాళ్ల గొడవ అనుకోకండి. ఉదయగిరి కొండ పక్క పల్లెలో టీకా వేయించుకున్న పిల్లలు ఆరోగ్యంగా ఉన్నారనుకుందాం. అది టీకా గొప్పా, లేక వాళ్ల ఇల్లు ఆస్పత్రికి దగ్గరగా ఉండటమా? ఈ చిక్కు విప్పాలంటే ఎవరికి టీకా వేయాలో లాటరీ తీసినట్టు నిర్ణయించాలి. ట్రయల్ అంటే అదే.

ఆత్మకూరు నుంచి హైదరాబాద్ బస్సెక్కి క్లినికల్ డేటా, ఫార్మకోవిజిలెన్స్ కోర్సుల్లో చేరేవాళ్లున్నారు. కొందరి ఇళ్లలో ఆ ఫీజు అప్పే. సాఫ్ట్‌వేర్ టూల్ కొన్ని నెలల్లో వచ్చేస్తుంది. ‘ఎవరిని ఎవరితో పోల్చారు?’ అని అడిగే అలవాటు మాత్రం కోచింగ్‌లో దొరకదు. నా దృష్టిలో అసలు స్కిల్ అదే. ఈ ప్రశ్నను రోజూ వచ్చే ఫార్వర్డ్‌ల మీద ప్రయోగించండి. ‘మా దగ్గర చేరినవాళ్లలో 90 శాతం మందికి ఉద్యోగాలు’ అనే ప్రకటన మీద కూడా. ఎంతమందిలో 90 శాతం? మధ్యలో మానేసినవాళ్లను లెక్కించారా?

ఒక్క మాట మరవొద్దు. అదనపు మేలు మీదే ఇంకా చర్చ. పసిపిల్లలను తీవ్రమైన క్షయ నుంచి బీసీజీ కాపాడుతుందన్నది ఎప్పుడో తేలిన విషయం. ఇంట్లో పాపాయి ఉంటే టీకాలు టైముకు వేయించండి.