పెద్దలకు పక్కన కూర్చునేదెవరు?

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం బోధించిన ప్రొఫెసర్ చిలుకూరి శాంతమ్మగారు 1989లో పదవీ విరమణ చేశారు. 90 ఏళ్లు దాటాక కూడా విశాఖ నుంచి విజయనగరం వెళ్లి పాఠాలు చెప్పారు. ఇటువంటివారికి శాలువా కప్పి ఇంటికొస్తాం. ఆ తర్వాత?

ఓడరేవులో, ఉక్కు కర్మాగారంలో పనిచేసిన బుజుర్గులు మన మహల్లాల్లో ఎందరో ఉన్నారు. పింఛను ఆగకూడదంటే తాము బ్రతికే ఉన్నామని ఏటా రుజువు చూపాలి. 2014 నవంబరులో వచ్చిన ‘జీవన్ ప్రమాణ్’తో ఇది కంప్యూటర్ మీదే అయిపోతుంది. కానీ బరువులు మోసి అరిగిన కళాసీ వేళ్లను యంత్రం ఒక్కోసారి గుర్తించదు. 2021 నుంచి సెల్‌ఫోన్‌లో ముఖం చూపినా చాలు. ఈ సంగతి తెలియక ఆటో కట్టించుకుని బ్యాంకుకు తిరిగేవారున్నారు. ఇంట్లో మనవడి చేతిలో ఫోనుంటుంది, తాత కోసం తీరికుండదు!

నవంబరులో జుమా నమాజు తర్వాత చదువుకున్నవారు ఒక గంట మస్జిదు వరండాలో కూర్చోలేరా? పని చేసిపెడితే చాలదంటాం, పక్కన కూర్చుని నేర్పాలి. ‘ఈ వయసులో మాకెందుకు బాబూ’ అనే పెద్దలకు ఒక్క మాట. ‘చదువు’ అన్న తొలి దైవవాణి అవతరించేనాటికి మహాప్రవక్త (సల్లం) వయసు 40 ఏళ్లు. సహాబాలలో ఎందరో పెద్ద వయసులోనే నేర్చుకున్నారు.

ఆధార్ నంబరు, ఓటీపీ మన చేతికిచ్చిన అమానతు; పని కాగానే మరచిపోవాలి. కుటుంబ పింఛను మీద బతికే వితంతు తల్లుల ఇళ్లకు మాత్రం మన ఆడపిల్లలే వెళ్లాలి.