మీరు వర్కింగా?

మొన్న మా అమ్మాయిని ఇంటర్‌లో చేర్పించడానికి కాలేజీకి వెళ్లాం. అప్లికేషన్ నింపుతున్న అబ్బాయి మావారి ఉద్యోగం వివరాలన్నీ రాసుకుని నా వైపు తిరిగాడు. "మేడమ్, మీరు వర్కింగా?" అన్నాడు. "లేదు బాబూ, ఇంట్లోనే ఉంటాను" అన్నాను. తల్లి వృత్తి అన్నచోట "నిల్" అని రాసేశాడు. నేను కాదనలేదు. మావారూ కాదనలేదు. ఆటోలో పిల్ల అడిగింది, "అమ్మా, నిల్ అంటే సున్నా కదా?" అని.

ఆ మాట రెండు రోజులు నిద్ర పట్టనివ్వలేదు.

అసలు ఈ వర్క్ అనే మాట మన ఇళ్లలో ఎన్ని వేషాలు వేస్తుందో చూడండి. జాకెట్టు మీద కుట్టేది మగ్గం వర్క్. కొత్త ఫ్లాట్‌లో అల్మరాలు చేయిస్తే ఉడ్ వర్క్. పిల్లలు రాసేది హోమ్ వర్క్. జిమ్ములో చెమట కారిస్తే వర్కవుట్. పెళ్లి సంబంధం కుదరకపోతే "వర్కవుట్ కాలేదండీ" అంటాం. ఆఖరికి ఫ్రిజ్ కూడా వర్కింగ్ కండిషన్‌లో ఉంటుంది. దాన్ని కడిగి, తుడిచి, సర్దే నేను మాత్రం నాన్ వర్కింగ్!

ఫిజిక్సులో ఇంకో అర్థం ఉందట. నిండు బిందె పట్టుకుని గంటసేపు కదలకుండా నిలబడ్డా ఆ బిందె మీద చేసిన వర్క్ సున్నాయేనని మా అమ్మాయి ఒకసారి నన్ను ఆటపట్టించింది. దాంతో నాకు పేచీ లేదు. ఆ లెక్క ఆడా మగా చూడదు, మావారు పట్టుకున్నా సున్నాయే.

దాని చుట్టాల్లాంటి మాటలు ఇంకా తమాషా. జాబ్ అంటే జీతం ఉండాలి, సరే. డ్యూటీ అంటే కండక్టరుకి, నర్సుకి గంటల లెక్క, ఆ తర్వాత దిగిపోవచ్చు. నాకైతే "అది నీ డ్యూటీ కదా" అంటారు, దానికి దిగడం ఉండదు. సర్వీసు మావారికి ఇరవై రెండేళ్లు. నా పెళ్లికి అన్నేళ్లు కాకపోయినా పద్దెనిమిదేళ్లు, దాన్ని సర్వీసనరు. ఇక హెల్ప్. ఆదివారం ఆయన రెండు ఉల్లిపాయలు తరిగితే "మా ఆవిడకి హెల్ప్ చేస్తున్నా" అని ఫోన్‌లో స్నేహితులకి చెబుతారు. తినేది నలుగురం, వంట నాదొక్కదానిదే అన్నమాట! అన్నిటికన్నా ఘోరం లేబర్. ఆసుపత్రిలో బిడ్డని కనే గది పేరు లేబర్ రూమ్. కన్న ఆ ఒక్క రోజు లేబరు. పెంచిన పదహారేళ్లూ నిల్.

ఇది నా ఒక్కదాని ఉక్రోషం అనుకోకండి. 2001 జనాభా లెక్కల్లో ఇల్లాళ్లని పని చేయనివాళ్ల జాబితాలో, బిచ్చగాళ్లు, వేశ్యలు, ఖైదీలతో కలిపి చూపించారని సాక్షాత్తూ సుప్రీంకోర్టే 2010లో తప్పుపట్టింది. రోడ్డు ప్రమాదంలో చనిపోయిన ఒక ఇల్లాలి నష్టపరిహారం కేసులో వచ్చిన మాట అది. 2021లో అలాంటి మరో కేసులో మన తెలుగాయన జస్టిస్ ఎన్.వి. రమణగారు 2019 నాటి ప్రభుత్వ సర్వే లెక్క ఎత్తి చూపించారు. జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకి సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు పెడుతున్నారట. అంటే మనవి ఒక్క నిమిషం తక్కువ ఐదు గంటలు. పిల్లల్ని, పెద్దవాళ్లని చూసుకునే సమయం దీనికి అదనం. ఇల్లాలు పోయాక కోర్టు ఆ పనికి వెల కడుతుంది. బతికుండగా మనం సున్నా చుడుతున్నాం.

"ఇంట్లోవాళ్లకి ప్రేమతో చేసేదానికి లెక్కలేమిటి?" అంటారు కొందరు. పిల్లలంటే ప్రాణం పెట్టే మాస్టారు లేరా? ఆయన చెప్పే పాఠాన్ని ఎవరూ నిల్ అనరే! నేను జీతం అడగడం లేదు. పనిని పని అనమంటున్నాను.

తప్పంతా ఇంగ్లీషుది కూడా కాదు. తెలుగులో పని వేరు, ఉద్యోగం వేరు. మా అమ్మమ్మకి ఉద్యోగం లేదు కానీ పని లేదని ఎవరైనా అంటే ఊరుకునేది కాదు. మనమే ఉద్యోగం అనాల్సిన చోటల్లా వర్క్ అని, దాంతోపాటు పనినీ పోగొట్టుకున్నాం. అలాగని మన తెలుగూ మరీ మంచిదేం కాదు. అవే అంట్లు జీతానికి తోమితే "పనిమనిషి", నేను తోమితే "ఖాళీగానే ఉంటుందిగా".

అందరికంటే ముందు తప్పు నాది. "లేదు బాబూ" అన్నది నేనే. పదహారేళ్ల పిల్ల పక్కనే నిలబడి విన్నది. రేపు అది ఉద్యోగం చేసినా ఇల్లు చూసుకున్నా, ఇంటిపని అంటే సున్నా అనుకుంటూ పెరగడం నాకిష్టం లేదు.

అందుకే ఫీజు కట్టడానికి వెళ్లినప్పుడు దాన్ని వెంటబెట్టుకుని మళ్లీ ఆ అబ్బాయి దగ్గరికే వెళ్లాను. మార్చమన్నాను. పాపం, మంచివాడే. "హౌస్ వైఫ్ అని రాయమంటారా, హోమ్ మేకర్ అనా మేడమ్?" అన్నాడు.

"నీకేది తోస్తే అది రాయి బాబూ. ముందు ఆ నిల్ కొట్టెయ్" అన్నాను.